ఆ పొట్లంలో ఏముందని అడిగారా?

2021 మే గుర్తుందా?

కృష్ణపట్నం గుర్తుందా?

కరోనా రెండో విడతలో ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క, ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడుతుంటే, ఈ ఊళ్లో నాటుమందు ఇస్తున్నారన్న మాట పుట్టింది. ఎక్కడెక్కడి నుంచో కార్లు, ఆటోలు, అంబులెన్సులు. మే 21న ఊళ్లో ఇసుక వేస్తే రాలనంత జనం. టీవీల వాళ్లొచ్చారు. పోలీసులొచ్చారు. ఆయుష్ వాళ్లొచ్చి ఆరా తీశారు. ఐసీఎంఆర్ దాకా పోయింది మాట. పది రోజులు దేశమంతా ఒకటే ప్రశ్న.

ఆ మందులో ఏముంది?

సరైన ప్రశ్న. నోట్లో వేసుకునేదేమిటో, కంట్లో పోసుకునేదేమిటో అడక్కుండా ఎట్లా ఉంటారు? అడిగారు. దినుసు దినుసూ లెక్క తీశారు. కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని మే 31న ప్రభుత్వం చెప్పింది. అప్పుడుగానీ దేశం నిద్రపోలేదు.

మరి అదే ఊరి చుట్టూ, ముత్తుకూరు మండలంలో, క్రీకు వారన రొయ్యల గుంటల్లోకి ఏళ్ల తరబడి డబ్బాలకు డబ్బాలు ఒంపుతున్న మందులో ఏముందని ఎవరైనా అడిగారా?

ఒక్క కెమెరా వచ్చిందా?

మీరు అడిగారా?

మొన్న వేసవిలో ఒక రాత్రి అక్కడ ఒక గుంట కట్ట మీద నిలబడ్డాను. తొమ్మిది దాటింది. కర్రకు కట్టిన బల్బు చుట్టూ పురుగులు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. గుంట కౌలుకు తీసుకున్న పెద్దాయన చెక్ ట్రే తాడు పట్టి లాగాడు. ట్రేలో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. చావలేదు. గుప్పెడు తీసి అరచేతిలో పరిచి సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఒకటి బొటనవేలంత. దాని పక్కది అగ్గిపుల్లంత. ఆ పక్కది ఇంకా చిన్నది. అన్నీ ఒకే రోజు వేసిన సీడ్, అంటే రొయ్య పిల్లలు. అన్నిటికీ ఒకటే మేత.

“అరవై రోజులైంది అబ్బయ్యా. తింటానే ఉండాయి. ఎదగడంలా.”

గాలివాటు మూలకు నీళ్ల మీద తెల్లటి దారప్పోగుల్లాంటివి కొట్టుకొచ్చి పేరుకున్నాయి. ఒకటి వేలితో తీసి నాకు చూపించాడు. రొయ్య విసర్జన అది. మామూలుగా మేత రంగులో ఉండాలి. ఇది తెల్లగా ఉంది. నలిపితే జిడ్డు.

“వైట్ గట్” అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

కిలోకి వంద లోపు తూగాల్సిన వయసులో ఆ రొయ్యలు రెండొందల యాభై తూగుతున్నాయి. కౌలు కట్టాలి. కరెంటు బిల్లు కట్టాలి. మేత అప్పు తీర్చాలి. ఆ కౌంట్‌కి కొనేవాడు లేడు.

కట్ట మీద రేకుల షెడ్డులోకి తీసుకెళ్లాడు. నీలం టబ్బులో మేత. దాని మీద ఒక పొట్లం చించి పొడి చల్లాడు. జెల్ బైండర్ పోశాడు. మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాడు. గ్లవుజులు లేవు. పొట్లం తీసి చూశాను. రొయ్య బొమ్మ ఉంది. ఎకరాకు ఎంత వాడాలో ఉంది. లోపల ఏముందో లేదు. ఎవరు తయారుచేశారో లేదు.

“ఏముంది దీంట్లో?”

“ఏమో. షాపాయన ఇచ్చినాడు. గట్ క్లీన్ అవుద్దన్నాడు.”

పోయిన వారం ఇంకోటి ఇచ్చాడట. అంతకు ముందు వారం ఇంకోటి. దేనికీ రసీదు లేదు.

ఇప్పుడు ఆ గుంటలో ఉన్న జబ్బు ఏమిటో వినండి. ఓపిగ్గా వినండి. ఇంతకాలం వినకుండా ఉన్నది మీరే.

దాని పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనాయి. రైతులు ఈహెచ్‌పీ అంటారు. వైరస్ కాదు. బాక్టీరియా కాదు. మైక్రోస్పోరిడియా అనే తెగ. అంటే శిలీంద్రాల చుట్టం. మనం బూజనీ ఫంగస్ అనీ అంటామే, ఆ వంశం. దాని బీజం పొడవు ఒక మైక్రాన్‌కి కాస్త పైన. మిల్లీమీటరులో వెయ్యో వంతు. రొయ్య తల భాగంలో కాలేయమూ క్లోమమూ కలిసినట్టుండే అవయవంలో, అక్కడి కణాల్లోకి దూరుతుంది. రొయ్య తిన్న తిండిలో సత్తువంతా తను తింటుంది. చంపదు. ఎదగనివ్వదు. 2009లో థాయిలాండ్ రొయ్యల్లో దీన్ని గుర్తించి పేరు పెట్టారు. మన దేశంలో పెంచే వనామీ రొయ్యల్లో ఉందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధనా సంస్థ, మన రైతులు సిబా అంటారే, వాళ్లు లెక్క కట్టారు. ఈ ఒక్క జబ్బు వల్ల దేశానికి ఏడాదికి దాదాపు 4 వేల కోట్ల రూపాయల నష్టం. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ నష్టం కన్నా రెట్టింపు పైనే.

యాంటీబయాటిక్ దీన్ని ఏమీ చేయలేదు.

మళ్లీ చదవండి. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. ఇది బాక్టీరియా కాదు. గుంట నిండా పోసినా ఈ బీజానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మరి ఎందుకు పోస్తారు? ఈ జబ్బు పట్టి నీరసించిన రొయ్య పేగులో విబ్రియో బాక్టీరియా సందు చూసుకుని చేరుతుంది. తెల్ల దారాలు తేలతాయి. వాటిని చూసిన రైతుకి గుండె జారుతుంది. ఆ రాత్రి ఆయన తలుపు తట్టగలిగింది ఎవరిది? డాక్టరుదా? గుంటకు డాక్టరు రాడు. తెరిచి ఉండేది మందుల షాపొక్కటే. అప్పు ఇచ్చేదీ అదొక్కటే.

మీరు ఏం అడగబోతున్నారో నాకు తెలుసు. “ఆ రొయ్య తింటే మనకొస్తుందా?”

రాదు. ఈహెచ్‌పీ మనిషికి అంటదు. దీని దాయాది ఒకటి ఎయిడ్స్ రోగులకు విరేచనాలు పట్టిస్తుంది గానీ, ఈ రొయ్యది రొయ్యలోనే ఉంటుంది. ఇగురు చేసుకోండి, వేపుడు చేసుకోండి, ఆ ఫంగస్ మీకు రాదు.

అందుకేగా మీకు పట్టనిది?

అమెరికాలో కూడా ఇట్లాగే అనుకున్నారు. 2006 చలికాలం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర ఒక గుహ. శీతాకాలమంతా తలకిందులుగా నిద్రపోయే గబ్బిలాల మూతుల మీద తెల్లటి బూజు కనిపించింది. తెల్లముక్కు జబ్బు అన్నారు. చలిని ఇష్టపడే ఫంగస్ అది. మనిషి ఒంటి వేడికి బతకదు. మనిషికి రాదు. నిద్రలో ఉన్న గబ్బిలాన్ని మాటిమాటికీ లేపుతుంది. లేచిన గబ్బిలం దాచుకున్న కొవ్వంతా కరిగించుకుని, బయట మంచులో ఒక్క పురుగు దొరక్క, ఆకలితో చస్తుంది. లక్షల్లో చచ్చాయి. గుహల్లో నేల కనపడలేదు. గబ్బిలమే కదా అనుకున్నారు.

గబ్బిలం రాత్రంతా ఏం తింటుంది? పురుగులు. పంటను తినే పురుగులు. గబ్బిలాలు పోయిన జిల్లాల్లో పురుగు పెరిగింది. రైతు మందు కొట్టాడు. చికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఇయల్ ఫ్రాంక్ జిల్లా జిల్లా లెక్కలు తీసి 2024లో సైన్స్ పత్రికలో అచ్చువేశాడు. ఆ జిల్లాల్లో పురుగుమందుల వాడకం 31 శాతం పెరిగింది. పసిపిల్లల చావులు దాదాపు 8 శాతం పెరిగాయి. ఆయన లెక్క ప్రకారం పదేళ్ల పైచిలుకు కాలంలో 1,334 మంది పసిపిల్లలు.

గబ్బిలం జబ్బు పిల్లలకు రాలేదు.

గబ్బిలం పోయిన చోట పోసిన విషం పిల్లలకు వచ్చింది.

అర్థమైందా నేనేం చెబుతున్నానో? జబ్బు రొయ్యది. దానికి భయపడి పోసిన మందు మాత్రం మనది. మన కాలవది, మన బోరుది, మన ఒంటిది.

గుంటలో ఏం జరుగుతుందో చూడండి. మేతకు పట్టించిన మందులో రొయ్య తినేది కొంత. తిన్నదాంట్లో ఒంటబట్టేది ఇంకా కొంత. మిగిలింది నీళ్లలో, అడుగున నల్ల బురదలో. ఆ బురదలో కోట్లాది బాక్టీరియా. పలచబడిన మందు వాటిని మొత్తంగా చంపలేదు. బలహీనమైనవి చస్తాయి. మొండివి మిగులుతాయి. మిగిలినవి పెరుగుతాయి. అంతటితో ఆగవు. మందును తట్టుకునే జన్యువుని పక్క జాతి బాక్టీరియాకు కూడా అందిస్తాయి, పరీక్ష హాల్లో పిల్లలు చీటీ అందించుకున్నట్టు. రొయ్యకు జబ్బు చేసే విబ్రియో నేర్చిన విద్య మనిషి పేగులోని బాక్టీరియాకు చేరడానికి వీసా అక్కర్లేదు. ఒక కాలవ చాలు. ఒక పుండు చాలు. కడగని చెయ్యి చాలు.

మా చిన్నాన్న కాలికి గుంట పట్టుబడి రోజున ఏదో పెంకు గీసుకుంది. ఆయన పట్టించుకోలేదు. పసుపు అద్దుకుని మర్నాడు మళ్లీ గుంటలో దిగాడు. వారానికి కాలు వాచింది. ఆస్పత్రిలో పుండు నుంచి నమూనా తీసి కల్చర్‌కి పంపారు. రిపోర్టు నా చేతికే ఇచ్చారు. ఒక వరసలో యాంటీబయాటిక్‌ల పేర్లు. పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందు పనిచేస్తుంది. ఆర్ అంటే పనిచేయదు. వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాను. ఆర్. ఆర్. ఆర్. ఆర్. కాగితం అడుగున రెండు ఎస్‌లు. ఆ రెండూ సూదిమందులు. రోజుకి వేలల్లో ఖర్చు. రెండు వేళ్లు తీసేశారు. మనిషి దక్కాడు.

ఆ సూక్ష్మజీవి గుంటలోంచే వచ్చిందని నేను ప్రమాణం చేయను. నా కోపం వేరే. ఆయన ఏం పనిచేస్తాడని ఆస్పత్రిలో అడిగినవాళ్లు లేరు. ఆయన పనిచేసిన గుంటలో ఏం పోశారని ఊళ్లో అడిగినవాళ్లు లేరు. రెంటికీ ముడి ఉందేమో చూద్దామని కదిలినవాళ్లు లేరు.

2019లో ఒక్క ఏడాదిలో, మందులకు లొంగని బాక్టీరియా వల్ల ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క చెప్పింది. ఆ సంఖ్య చదివి మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. తిప్పకండి. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగిందా? కాన్పు జరిగిందా? షుగరుతో కాలికి పుండు పడిందా? వాళ్లు ఇంటికొచ్చింది యాంటీబయాటిక్ పనిచేసింది కాబట్టే. అది పనిచేయని రోజు మీ ఇంటికీ వస్తుంది.

చట్టం లేక కాదు. చట్టం ఉంది. రొయ్యల సాగులో వాడకూడని 20 యాంటీబయాటిక్‌లు, మందుల జాబితా తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర ఎప్పటినుంచో ఉంది. అందులో క్లోరాంఫెనికాల్ ఉంది. అది ఎముక మజ్జను దెబ్బతీసి రక్తం ఊరకుండా చేయగలదు. నైట్రోఫ్యురాన్లు ఉన్నాయి. వాటికి క్యాన్సర్ భయం ఉంది. వేరే ఏదీ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరి అస్త్రంగా తీసే కొలిస్టిన్‌ను తిండికోసం పెంచే జంతువులకు వాడొద్దని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. మందులకు లొంగని బాక్టీరియాను అడ్డుకోవడానికి 2017లో దేశానికంతటికీ ఒక కార్యాచరణ ప్రణాళిక రాశారు. కేరళ 2018లోనే తన ప్రణాళిక తను రాసుకుంది. నీటి జీవుల జబ్బులపై నిఘాకు 2013 నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తోంది. 2023లో, చేపకో రొయ్యకో జబ్బు వస్తే ఫోన్‌లోనే చెప్పడానికి ఒక యాప్ కూడా విడుదల చేశారు.

ఆ కట్ట మీది పెద్దాయనను అడిగాను, ఆ యాప్ తెలుసా అని.

“ఏ యాప్?”

ఇప్పుడు చెప్పండి. జబ్బుందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష లేకుండానే సీడ్ సంచులు రాత్రికి రాత్రి గుంటలకు చేరుతుంటే, విదేశాల నుంచి క్వారంటైన్ చేసి తెప్పించాల్సిన తల్లి రొయ్యల బదులు ఎవరి గుంటలోనో పెరిగినవాటితో పిల్ల తీసి అమ్మేవాళ్లు అమ్ముతుంటే, పేరు లేని పొట్లాలు పట్టపగలు అల్మారాల్లో వరసగా పేర్చి ఉంటే, మేత అప్పిచ్చినవాడే మందూ అంటగట్టి ‘ఇది వేయకపోతే నీ ఇష్టం’ అంటుంటే, నెల టార్గెట్ మెడ మీద ఉన్న కుర్రాడు మోటర్‌సైకిలు దిగి టెక్నీషియన్నని చెప్పి గుంటకో మందు రాసిస్తుంటే, జబ్బు పట్టిన గుంట నీళ్లు ఒక్క బస్తా సున్నమైనా చల్లకుండా తెల్లారేలోపు క్రీకులోకి వదిలేస్తుంటే, పొద్దున్నే దిగువ రైతు మోటారు పెట్టి ఆ నీళ్లనే తన గుంటలోకి తోడుకుంటుంటే, శుద్ధి గుంట గురించి రాసుకున్న నిబంధన రెండెకరాలూ మూడెకరాల గుంటలే నిండిన ఈ తీరంలో ఎవరినీ తాకకుండా పోతుంటే, ఆ క్రీకులోనే నడుము లోతున దిగి పీతలూ చేపలూ పట్టుకునే యానాది కుటుంబాలు పొక్కిన కాళ్లతో గుడిసెకు వెళ్తుంటే, వాళ్లే రాత్రిళ్లు గుంటకు కాపలా పడుకుని ఆ షెడ్డులోనే ఆ పొట్లాల పక్కనే అన్నం వండుకుంటుంటే, రొయ్య తల తీసే షెడ్లలో ఆడవాళ్లు ఐసునీళ్లలో నానిన కోసుకుపోయిన వేళ్లతో పొద్దు గూకేదాకా ఒలుస్తుంటే, ఊరి బోర్లు ఒకటొకటిగా ఉప్పుదేరి బిందె నీళ్లు కొనుక్కునే రోజొస్తే, ఎగుమతి పెట్టెకు పరీక్ష ఉండి పక్క వీధి బండి మీది రొయ్యకు పరీక్ష లేకపోతే, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి మన కళ్ల ముందే జరుగుతుంటే, మీరు నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద కారు ఆపి ‘కౌంట్ ఎంత, రేటెంత’ అని తప్ప ఇంకొక్క మాట అడక్కుండా ఎట్లా ఉండగలుగుతున్నారు?

ఎట్లా?

రేటు అడుగుతారు. తాజాదా అని అడుగుతారు. ఏ మందు తాగి పెరిగిందని అడగరు.

యూరప్ వాళ్లు అడుగుతారు. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరుకుతున్నాయని 2016లో వాళ్లు తనిఖీ పెంచారు. అంతకుముందు వందలో పది సరుకులు పరీక్షించేవాళ్లు. ఆ ఏడు నుంచి యాభై. అమెరికా కూడా నిషిద్ధ మందులు దొరికిన సరుకును వెనక్కి పంపుతుంది. వాళ్ల పిల్లల కడుపు గురించి వాళ్లకు బెంగ ఉంది. తప్పు లేదు.

మన పిల్లల కడుపు గురించి ఎవరికి బెంగ?

2023-24లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్యల విలువ 40 వేల కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఎంత గోల! పత్రికల మొదటి పేజీలు. ఢిల్లీకి లేఖలు. మంత్రుల సమీక్షలు. ఆ గోల న్యాయమే, రైతు నడుము విరిగింది కాబట్టి. కానీ ఏడాదికి 4 వేల కోట్లు తినేస్తున్న బూజు గురించి ఒక్క మొదటి పేజీ చూశారా? సుంకం ఒక సంతకంతో వచ్చింది, ఇంకో సంతకంతో పోతుంది. మందుకు లొంగని బాక్టీరియాను ఏ సంతకం వెనక్కి పిలుస్తుంది?

రైతును తిట్టి చేతులు దులుపుకోవాలని చూడకండి. దానికి నేను ఒప్పుకోను. ఆయనకు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా చేసే వీలు ఉంచలేదు. ఈ జబ్బుకి మందు లేదు గానీ అడ్డుకట్ట ఉంది. సీడ్ వేసేముందే పరీక్ష చేయించాలి. పంట తీశాక గుంట ఎండగట్టాలి. అడుగు మట్టిని అర జానెడు లోతు దాకా దున్నాలి. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి, తడిపి, ఆ మంటకు బీజాలు చచ్చేదాకా వదిలేయాలి. ఎకరాకు రెండు టన్నుల పైన సున్నం! కౌలు రైతు పెట్టగలడా ఆ ఖర్చు? నెలల తరబడి గుంట ఎండగడితే ఆ నెలల కౌలు ఎవరు వదులుకుంటారు? ఆయన ఒక్కడూ ఎండగట్టి లాభమేంటి, చుట్టూ ఉన్న పది గుంటల నీళ్లు అదే క్రీకులో కలుస్తుంటే? ఊరంతా ఒకేసారి పంట విరామం పాటిస్తేనే పని జరుగుతుంది. దానికి ఊరిని కూర్చోబెట్టేవాళ్లు కావాలి. సున్నానికి సాయం కావాలి. పీసీఆర్ పరీక్ష గుంట దగ్గరకు రావాలి. ముత్తుకూరులోనే మత్స్య కళాశాల ఉంది. చదువుకున్న పిల్లలున్నారు, గురువులున్నారు. క్రీకు వారన గుంటలకూ వాళ్ల లాబొరేటరీకీ మధ్య దూరం ఎంత? పది నిమిషాల బండి ప్రయాణం. ఆ పది నిమిషాల దారి వేయడానికి ఎన్నేళ్లు కావాలి?

ఇది మనకు మొదటిసారి కూడా కాదు. ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

1990ల్లో టైగర్ రొయ్య వచ్చింది. వరి మళ్లు గుంటలయ్యాయి. నెల్లూరు తీరమంతా రాత్రికి రాత్రి డబ్బు. 1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ విరుచుకుపడింది. చచ్చిన రొయ్యలు ఒడ్డుకు తెట్టెలు కట్టాయి. మోటార్లు అమ్ముకున్నారు, మెడలో తాళిబొట్టు బంగారం అమ్ముకున్నారు, ఊళ్లు వదిలిపోయారు. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీరం నుంచి 500 మీటర్లలోపు గుంటలు తీసేయమంది. చెరిపినవాడే నష్టపరిహారం కట్టాలంది. ఆ తీర్పు అమలైందా? 2005లో కొత్త చట్టం తెచ్చి దారి మళ్లించారు. 2023లో ఆ చట్టాన్ని మళ్లీ సవరించి, రిజిస్ట్రేషన్ లేకుండా సాగుచేస్తే పడే జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. అదే సవరణలో మనుషుల ఆరోగ్యానికి హానిచేసే యాంటీబయాటిక్‌లు వాడొద్దన్న మాట కూడా రాశారు. రాసిన మాట కట్ట మీదికి ఎప్పుడు నడిచొస్తుంది?

ముప్పయ్యేళ్ల కింద గుంటల్లో రొయ్య చచ్చింది. అందరికీ కనపడింది. ఇప్పుడు రొయ్య చావట్లేదు, ఎదగట్లేదంతే. అందుకే ఎవరికీ కనపడట్లేదు. చంపని జబ్బుకు వార్త ఉండదు. ఒక ఫోటో ఉండదు. ఒడ్డుకు తెట్టె కట్టదు. నెలల తరబడి మేత మింగుతూ, మందు మింగుతూ, బురదలో మొండి బాక్టీరియాను పెంచుతూ కూర్చుంటుంది. తెల్లమచ్చ కన్నా నాకు ఇదే ఎక్కువ భయం.

మనకు రాబందుల సంగతైనా గుర్తుండాల్సింది. పశువుల నొప్పికి వేసిన డైక్లోఫినాక్, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడుచేసింది. రాబందులే కదా అనుకున్నాం. 2006లో నిషేధించేనాటికి ఆకాశం ఖాళీ. కుళ్లిన కళేబరాలు, పెరిగిన కుక్కలు, చెడిన నీళ్లు. నిషేధానికి ముందటి ఐదారేళ్లలో దానివల్ల దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇందాక చెప్పిన ఫ్రాంక్, ఇంకో ఆర్థికవేత్త అనంత్ సుదర్శన్ కలిసి లెక్క తేల్చారు. రాబందుకు పోసిన మందు కాదది. గొడ్డుకు పోసిన మందు. చచ్చింది మనుషులు.

గబ్బిలం. రాబందు. రొయ్య.

ఇంకెన్ని చెప్పాలి మీకు?

ఆ రాత్రి పెద్దాయన టబ్బులోంచి తీసిన చేతులు కడుక్కోలేదు. పక్కనే గుంటలో ముంచి దులుపుకున్నాడు. మనవరాలు అన్నం క్యారియర్ తెచ్చింది, ఆరేడేళ్లుంటాయి. “తాతా, నేను కలుపుతా” అని టబ్బు మీదికి వంగింది. “వద్దు పోవే” అని నవ్వుతూ తోశాడు. ఆ చేత్తోనే క్యారియర్ మూత తీసి ముద్ద కలిపి ముందు దాని నోట్లో పెట్టాడు.

నేను చూస్తూ నిలబడ్డాను. కడుక్కోమని అనేలోపే అయిపోయింది.

వచ్చేటప్పుడు అడిగితే చించిన పొట్లం ఒకటి ఇచ్చాడు. అడుగున ఇంకా చెంచాడు పొడి ఉంది. లేత పసుపు రంగు. కొసకు రబ్బరు బ్యాండు వేసి ఇంట్లో గాజు సీసాలో పెట్టాను. ఆ మర్నాటి నుంచి మూడు చోట్ల అడిగాను, ఇందులో ఏముందో పరీక్ష చేసి చెప్పమని. ఒక చోట, ఎగుమతిదారుడి లెటరు కావాలన్నారు. ఇంకో చోట, రొయ్య అయితే తీసుకుంటాం, మందు తీసుకోమన్నారు. మూడో చోట, మీకెందుకండీ అన్నారు.

నాకెందుకో చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆ సీసా నా బల్ల మీదే ఉంది. ఆ ఊరికి 2021లో మైకులు పట్టుకుని వచ్చినవాళ్లు, నమూనాలంటూ హడావిడి చేసినవాళ్లు, ‘మందులో ఏముంది’ అని అరిచినవాళ్లు మీలోనే ఉన్నారు. ఎక్కడికి తేవాలో, ఎవరికివ్వాలో చెప్పండి.

రేపు పొద్దున్నే తెస్తాను.